మధ్యాహ్నం పూట విశ్వవిద్యాలయం

1986లో ఎమ్మెస్సీ ముగించుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ విజయనగరంలోని మా ఇంట్లో ఖాళీగా ఉన్న నెలల్లో, నాకు దేశంలోని అతి పెద్ద తరగతి గదితో పరిచయమైంది. పరిచయం చేసినది మా అమ్మ. ఆవిడ అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆదివారం సాయంత్రం సినిమా వేసినప్పుడు మా వసారా నిండా వీధి వాళ్ళుండేవారు కానీ, మామూలు రోజుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక చెక్క తలుపుల పెట్టెలో ఉన్న ఆ నలుపు తెలుపు టీవీ ముందు కూర్చునేది ఆవిడ ఒక్కతే. చేటలో చిక్కుడుకాయలు పోసుకుని, ఈనెలు తీస్తూ, ఒక్క ముక్క అర్థం కాని ఇంగ్లీషులో ఎవరో చెబుతున్న పాఠాన్ని చూస్తూ ఉండేది.

ఒకనాడు తెర మీద పట్టుపురుగు గూడు కట్టుకుంటోంది. అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఏట్రా నాన్నా, దాని నోట్లోంచే వస్తోందా ఆ దారం?" అని అడిగింది. నేను ఇంగ్లీషు విని తెలుగులో చెప్పాను. ఆ రోజు నుంచి ఉద్యోగం దొరికేవరకూ అదే నా పని అయిపోయింది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 1984 ఆగస్టు 15న 'కంట్రీవైడ్ క్లాస్‌రూం' పేరుతో ప్రారంభించిన ప్రసారం అది. మధ్యాహ్నం ఒక గంట వచ్చి, సాయంత్రం మరోసారి వచ్చేది. కళాశాల విద్యార్థుల కోసం తలపెట్టిన ఆ కార్యక్రమం వచ్చే వేళకు విద్యార్థులందరూ కళాశాలల్లో ఉండేవారు. ఇంట్లో ఉన్నది మా అమ్మ.

తరువాత ముప్ఫై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పి బయటపడ్డాను. పాఠం చెప్పడమనేది వృత్తి అయినందువల్ల, అసలు విశ్వవిద్యాలయాలు టెలివిజన్‌ను ఎప్పుడు, ఎలా చేతిలోకి తీసుకున్నాయో తెలుసుకోవాలని చాలా ఏళ్ళుగా దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ చరిత్రను సాధారణంగా పంపే యంత్రాల చరిత్రగా చెబుతారు. కానీ ఎక్కడ చూసినా అసలు చిక్కు పంపడంలో కాక అందుకోవడంలోనే వచ్చింది: ఎవరు చూస్తారు, ఏ వేళకు చూస్తారు, ఏ భాషలో వింటారు, ఎవరింట్లో కూర్చుని చూస్తారు అన్న ప్రశ్నలు ముందుగా వేసుకున్న చోట పాఠం నిలిచింది, వేసుకోని చోట బొమ్మ మాత్రం వెళ్ళింది.

టెలివిజన్ పుట్టుకలోనే ఒక విద్యాసంస్థ ఉంది. 1926 డిసెంబరు 25న జపానులోని హమమత్సు ఉన్నత పారిశ్రామిక పాఠశాలలో కెన్‌జిరో తకయనగి అనే 27 ఏళ్ళ అధ్యాపకుడు, అభ్రకపు పలక మీద రాసిన ఒక్క అక్షరాన్ని కాథోడ్ కిరణ నాళం, అంటే పాత టీవీల్లో ఉండే గాజు గొట్టం మీద కనిపించేలా చేశాడు. ఆ సంస్థ ఇప్పుడు షిజువొకా విశ్వవిద్యాలయంలో భాగం. అది జపాను లిపిలోని 'ఇ' అక్షరం. నలభై గీతలతో ఏర్పడిన బొమ్మ. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా అదే ఏడాది బెజవాడలో మొదలైందని గుర్తొచ్చినప్పుడు, వాల్తేరులో చదువుకున్నవాడిగా నాకు కొంచెం చిత్రంగా ఉంటుంది. తకయనగి అందుకునే వైపు ఎలక్ట్రానిక్ గొట్టాన్ని వాడినా, పంపే వైపు మాత్రం 1884 నాటి, వరుసగా రంధ్రాలుండి గిరగిర తిరిగే నిప్కో చక్రాన్నే వాడాడు.

ఆ చక్రం గురించి పాఠాల్లో చాలాసార్లు చెప్పాను గానీ స్వయంగా చేసి చూసినది ఉద్యోగ విరమణ తరువాతే. మా ఎదురింటి తొమ్మిదో తరగతి కుర్రాడికి బడిలో సైన్సు ప్రదర్శన ఉందంటే, ఇద్దరం కలిసి గట్టి అట్టను 30 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కోశాం. అంచుకు దగ్గరగా, కేంద్రం నుంచి 14 సెంటీమీటర్ల దూరంలో మొదటి రంధ్రం. అక్కడి నుంచి పన్నెండేసి డిగ్రీలకు ఒకటి చొప్పున, ఒక్కొక్కటీ ముందుదాని కన్నా ఒక మిల్లీమీటరు లోపలికి జరుగుతూ, మొత్తం 30 రంధ్రాలు దబ్బనంతో పొడిచాం. చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రతి రంధ్రమూ దృశ్యంలో ఒక గీతను చదువుతుంది. ముప్ఫై రంధ్రాలూ దాటేసరికి ముప్ఫై గీతల బొమ్మ పూర్తవుతుంది. పెన్సిలు పెట్టి లెక్క కడితే, ఇంత పెద్ద చక్రం నుంచి వచ్చే బొమ్మ ఎత్తు మూడు సెంటీమీటర్లు, వెడల్పు అంతకన్నా కాస్త తక్కువ, లోపలి అంచున మరింత ఇరుకు. కుర్రాడు దాన్ని చూసి, "ఇంత చక్రం తిప్పితే తపాలా బిళ్ళంత బొమ్మా, తాతయ్యా?" అన్నాడు. తొలినాటి టెలివిజన్ ఇంజనీర్లను ఏడిపించిన ప్రశ్న అదే.

పాత టేప్ రికార్డరు మోటారుకు ఆ అట్టను బిగించి, అట్ట ముక్కలో 'ఇ' అక్షరాన్ని కత్తిరించి, దాని వెనుక బల్బు పెట్టి, చీకటి గదిలో తిరుగుతున్న రంధ్రాల గుండా చూశాం. చక్రం నెమ్మదిగా తిరిగినంతసేపూ వెలుగు చుక్కలు ఒకదాని కింద ఒకటి పరుగెత్తడమే కనిపించింది. వేగం పుంజుకున్నాక అక్షరం కుదురుకుంది. అయితే మధ్యలో అడ్డంగా ఒక నల్లని గీత. పదిహేడో రంధ్రం పొడిచేటప్పుడు నా చేయి అర మిల్లీమీటరు తప్పింది. ఒక్క రంధ్రం తప్పితే, చక్రం ఎన్నిసార్లు తిరిగినా ప్రతి బొమ్మలోనూ ఆ తప్పు అదే చోట కనిపిస్తూ ఉంటుంది. ఆ కుర్రాడికి ఆ గీతే ఎక్కువ నచ్చింది; ప్రదర్శనలో దానినే అందరికీ చూపించాడట.

ఇటువంటి చక్రాలతోనే అమెరికాలో 1930ల మొదట్లో కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రసారాలు చేశాయి. వాటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది అయోవా విశ్వవిద్యాలయం. అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ శాఖాధిపతి కర్ట్జ్ పర్యవేక్షణలో డబ్ల్యూ9ఎక్స్‌కే అనే ప్రయోగాత్మక కేంద్రం 1933 జనవరి నుంచి క్రమంగా విద్యా కార్యక్రమాలను ప్రసారం చేసింది. బొమ్మ ఆ కేంద్రం నుంచి, మాట మాత్రం విశ్వవిద్యాలయం వారిదే అయిన డబ్ల్యూఎస్‌యూఐ రేడియో నుంచి వెళ్ళేవి. అందువల్ల ఒక్క పాఠం చూడాలంటే ఇంట్లో రెండు యంత్రాలుండాలి: చూడటానికి ఒకటి, వినడానికి మరొకటి. ఖగోళ శాస్త్రం, షార్ట్‌హ్యాండ్, చెట్లను గుర్తుపట్టడం వంటి విషయాల మీద దశాబ్దం చివరిదాకా దాదాపు నాలుగు వందల కార్యక్రమాలు ఇచ్చారు. చూసినవాళ్ళెవరు? ఎక్కువగా తమ యంత్రాన్ని తామే కట్టుకున్న ఔత్సాహికులు. ఆ కాలపు అమెరికా పద్ధతుల్లో బొమ్మకు 45 గీతలో, 60 గీతలో ఉండేవి. రేడియో తరంగాల్లో వాటికి కేటాయించిన చోటు 100 కిలోసైకిళ్ళే కావడం వల్ల అంతకన్నా వివరమైన బొమ్మ పట్టేది కాదు. చెట్టు ఆకును అరవై గీతల్లో చూసి గుర్తుపట్టడం ఎంతటి పనో, మా అట్ట చక్రంలోంచి చూశాక నాకు బాగా అర్థమైంది. అయినా అక్కడి అధ్యాపకులూ విద్యార్థులూ ఏళ్ళ తరబడి విసుగు లేకుండా ఆ పని చేశారంటే, బొమ్మ నాణ్యత కన్నా పాఠం గది దాటిందన్న సంబరమే వారిని నడిపించి ఉండాలి. 1939 నాటికి ఎలక్ట్రానిక్ టెలివిజన్ న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ప్రజల ముందుకు వచ్చాక చక్రాల కాలం ముగిసింది.

యుద్ధం తరువాతి కథలో యంత్రాలు కుదురుకున్నాయి గనుక, తగాదా తరంగాల మీదకు మళ్ళింది. ఏమ్స్‌లోని అయోవా స్టేట్ కళాశాల 1950 ఫిబ్రవరిలో డబ్ల్యూఓఐ అనే టీవీ కేంద్రాన్ని తెరిచింది. విద్యాసంస్థ సొంతమైనా అది వాణిజ్య కేంద్రమే. ప్రకటనలు లేని, పూర్తిగా విద్య కోసం ఉద్దేశించిన తొలి కేంద్రం టెక్సస్‌లో వచ్చింది. 1952లో అమెరికా సమాచార ప్రసారాల కమిషన్ దేశం మొత్తం మీద 242 ఛానెళ్ళను విద్యకు ప్రత్యేకించింది. ఆ కమిషన్‌లో సభ్యురాలైన ఫ్రీడా హెన్నాక్ పట్టు వదలకుండా వాదించకపోతే ఆ ఛానెళ్ళు కూడా వ్యాపారుల పాలయ్యేవి. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం, ఆ నగరపు పాఠశాలల విభాగంతో కలిసి, 1953 మే 25న 8వ ఛానెల్ మీద కేయూహెచ్‌టీని ప్రారంభించింది. మనస్తత్వ శాస్త్రం వంటి పాఠాలను టీవీలో చూసి, పరీక్ష రాసి, మార్కులు పొందే ఏర్పాటు చేసింది. పగలంతా పని చేసుకునేవాళ్ళు ఇంటికి వచ్చాక చూడగలిగేలా పాఠాలను సాయంత్రాల్లో వేశారు. ఈ సాయంత్రం అన్న మాటే నాకు ముఖ్యం. ఛానెల్ సొంతం కాబట్టి సాయంత్రమూ సొంతమైంది. ఇతరుల ఛానెల్‌లో గంట అడిగి తీసుకున్న ప్రతి చోటా చదువుకు దక్కింది మిగులు వేళే. 1971 జనవరిలో బీబీసీ ద్వారా పాఠాలు మొదలుపెట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఎంత గొప్ప సంస్థ అయినా, దాని విద్యార్థులు తెల్లవారుజామునో, అర్ధరాత్రో అలారం పెట్టుకుని లేవవలసిన రోజులు వచ్చాయి.

ఇక మన దేశం. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టెలివిజన్ మొదలైనప్పుడు వారానికి రెండు రోజులు మాత్రమే ప్రసారం. యునెస్కో 20,000 డాలర్ల సాయం చేసింది. సెట్లను ఇళ్ళలో కాక సామూహిక కేంద్రాల్లో పెట్టి, చుట్టూ జనాన్ని కూర్చోబెట్టి, చూసిన తరువాత మాట్లాడుకోమన్నారు. 1961లో ఢిల్లీ బడులకు పాఠాలు వేయడం ప్రారంభించారు. అంటే మన దగ్గర టెలివిజన్ వినోదంగా కాక పాఠంగానే పుట్టిందన్నమాట. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు నడిచిన సైట్ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. విశ్వవిద్యాలయాలు నడిపినది కాకపోయినా, తరువాత విశ్వవిద్యాలయాలు చేసిన పనికి ఒరవడి అదే. అమెరికా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు మన వాడకానికి ఇచ్చింది. తొమ్మిది మీటర్ల గొడుగులాంటి యాంటెనా ఉన్న ఆ ఉపగ్రహం నుంచి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు దిగాయి. గ్రామంలో పెట్టిన యాంటెనాను కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప వలతో, పది అడుగుల వెడల్పుతో తయారు చేశారు. ఉపగ్రహం నుంచి ఒకే బొమ్మతో పాటు రెండు ధ్వనులు వచ్చేవి కనుక, అదే దృశ్యాన్ని ఆంధ్రలో తెలుగులోనూ, కర్ణాటకలో కన్నడంలోనూ వినగలిగారు. కార్యక్రమాలు తయారు చేసే మూడు ప్రధాన కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం ఆ గ్రామాల జాబితాలో లేదు. అప్పటికి విజయనగరం జిల్లాయే ఏర్పడలేదు. అయినా ఆ ఏర్పాటును తలచుకుంటే ముచ్చట వేస్తుంది. సెట్టు ఎక్కడ పెట్టాలి, తాళం ఎవరి దగ్గర ఉండాలి, చెడిపోతే ఎవరు వచ్చి బాగు చేయాలి అన్నవన్నీ ముందే ఆలోచించిన పథకం అది.

అటువంటి దేశంలో పదేళ్ళు తిరగకుండా వచ్చిన యూజీసీ ప్రసారం ఆ జాగ్రత్తలో కొంత మరచిపోయిందని నా ఫిర్యాదు. పంపే వైపు పని మాత్రం గట్టిగానే జరిగింది. 1983 ఆగస్టులో ఎగిరిన మన ఉపగ్రహం ఇన్శాట్-1బి అందుబాటులోకి వచ్చింది. ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా, పుణె విశ్వవిద్యాలయం, అహ్మదాబాదులోని గుజరాత్ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని ఉస్మానియా, ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ అయిన సీఫెల్ వంటి చోట్ల చిత్రీకరణ కేంద్రాలు ఏర్పడ్డాయి. అప్పటివరకు నల్లబల్ల, సుద్దముక్క తప్ప ఎరగని అధ్యాపకులు కెమెరా ముందుకు వచ్చారు. మొదట్లో విదేశాల నుంచి తెచ్చిన కార్యక్రమాలే ఎక్కువగా ఉన్నా, క్రమంగా మన కేంద్రాల పనితనం పెరిగింది. ఈ కేంద్రాలు రికార్డు చేసిన టేపులు ఢిల్లీ చేరి, అక్కడి నుంచి ఉపగ్రహానికి ఎక్కి, దేశమంతటా ఉన్న దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్ల ద్వారా దిగేవి. అంతదూరం ప్రయాణించిన బొమ్మ చివరి మజిలీలో మా మేడ మీది యాంటెనా దగ్గర ఇబ్బంది పడేది. అన్నయ్య పైన గొట్టాన్ని విశాఖపట్నం వైపు అంగుళం అంగుళం తిప్పుతూ ఉంటే, నేను పెరట్లో నిలబడి, లోపలి నుంచి అమ్మ చెప్పే మాటను పైకి అరిచి చేరవేసేవాణ్ణి: వచ్చింది, పోయింది, ముగ్గుపిండి చల్లినట్టుంది, ఆగు, అక్కడే ఆగు.

విశ్వవిద్యాలయాలకు బొమ్మ తీసే అధికారం వచ్చింది కానీ ప్రసారం చేసే అధికారం రాలేదు. ఏ వేళకు వేయాలో వారి చేతుల్లో లేదు. సిలబస్‌కు కట్టుబడని విజ్ఞాన కార్యక్రమాలు కావడం మంచిదే అయినా, అవన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్ల జిల్లా పట్టణాల్లో తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు దూరమయ్యాయి. అదే కాలంలో, 1982 ఆగస్టులో, హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగులో పాఠాలు అచ్చువేసి, జిల్లాల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి, రేడియోను, టీవీని వాటికి తోడుగా వాడుకుంది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఉద్యోగాలు చేసుకుంటూ దానిలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు మా వీధిలోనే ముగ్గురు ఉన్నారు.

నేను మొదట ఉద్యోగంలో చేరిన కళాశాలలో యూజీసీ పథకం కింద వచ్చిన కలర్ టీవీ ఒకటి ఉండేది. కళాశాల పేరు చెప్పను. అటువంటివి ఊరికొకటి ఉండి ఉంటాయి. ఆ టీవీని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి అటెండరు దగ్గర, అటెండరు మధ్యాహ్నం భోజనానికి ఇంటి దగ్గర. ప్రసారం సరిగ్గా ఆ వేళకే. నేను చేరిన మొదటి నెలలో ఉత్సాహం కొద్దీ అర్జీ పెట్టి, తాళం చెవి సంపాదించి, నలభై మంది బీఎస్సీ పిల్లలను కూర్చోబెట్టాను. స్ఫటికాల నిర్మాణం మీద చక్కని కార్యక్రమం మొదలైంది. పదో నిమిషంలో కరెంటు పోయింది. వచ్చేసరికి తెర మీద మరో పాఠం నడుస్తోంది. మిగిలిన స్ఫటికాలను నల్లబల్ల మీద నేనే గీశాను. ఆ తరువాత ఆ టీవీ క్రికెట్ మ్యాచ్‌లకు మాత్రం నమ్మకంగా బీరువా బయటికి వచ్చేది. అప్పుడు అటెండరు కూడా భోజనానికి వెళ్ళేవాడు కాదు.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. చిత్రీకరణ కేంద్రాలన్నింటినీ సమన్వయం చేయడానికి 1993లో ఒక ఉమ్మడి సంస్థ ఏర్పడింది. 2000 జనవరిలో జ్ఞాన్ దర్శన్ అనే విద్యా ఛానెల్, 2004లో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం, 2017లో స్వయంప్రభ ఛానెళ్ళు వచ్చాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి సొంతంగా ప్రసారం చేసే అవకాశం మన దేశంలో 2004లో అన్నా విశ్వవిద్యాలయం రేడియోతో గానీ మొదలు కాలేదు. అయోవాలో చక్రం తిరిగిన నాటికీ దీనికీ మధ్య డెబ్బై ఏళ్ళు.

మా ఇంటికి తొంభైల మధ్యలో కేబుల్ కనెక్షన్ వచ్చింది. ఛానెళ్ళు పెరిగాయి, తెలుగు సీరియళ్ళు వచ్చాయి, మధ్యాహ్నపు గంట వాటి పరమైంది. అమ్మ కూడా అందరిలాగే సీరియళ్ళు చూసింది. కార్యక్రమం పేరు ఆవిడకు ఎప్పుడూ తెలియదు. పాఠం చెప్పేది ఎవరైనా సరే, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, అందరినీ కలిపి ఆవిడ 'మేస్టారు' అనేది. నేను వారాంతానికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి రిమోట్ నా చేతికిచ్చి అడిగింది: "ఇన్నొచ్చాయి గదా, మన మేస్టారు ఇందులో ఏ నంబరు మీద ఉన్నాడో చూడరా." ఒకటి నుంచి నొక్కుకుంటూ పోయాను. ఆ రోజు దొరకలేదు.